తాళం వేసిన ఇంటికి ఏ రంగు వేయాలి

మున్సిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్ పని చేసి దిగిపోయినవాణ్ణి. ట్రేసర్‌గా చేరాను. అంటే ఇంకొకరు గీసిన మ్యాపు మీద పలచటి కాగితం పరిచి, అదే గీతను మళ్ళీ గీసేవాణ్ణి. ఆ పై మెట్లు ఎట్లా ఎక్కానో ఇక్కడ రాయను. సర్వీసు గడిస్తే ఎవరైనా ఎక్కుతారు.

ఇప్పుడు వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శులుగా చేరుతున్న పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తుంటారు. ఇంటి ముందు ఎంత జాగా వదలాలి, ఏ రోడ్డుకు ఎన్ని అంతస్తులు ఇవ్వొచ్చు అని అడుగుతారు. అవన్నీ పుస్తకంలో ఉన్నాయి, నాకంటే పుస్తకానికే జ్ఞాపకం ఎక్కువ. పుస్తకంలో లేనిది నా దగ్గర ఒకటి ఉంది. ఇరవై ఏళ్ళ కిందట ఒక గుట్ట ఊళ్ళో తొమ్మిది ఇళ్ళు నా మ్యాపు వల్ల పోయాయి. దాన్ని ఇన్నాళ్ళూ పొరపాటు అని చెప్పుకుంటూ వచ్చాను. నా పెళ్ళాం దగ్గర కూడా ఆ మాటే అన్నాను.

మూడు పూటలు

నేను ఎర్రగుంట్ల వాణ్ణి. మా నాయన సిమెంటు లారీ నడిపేవాడు. మా ఇంట్లో చెట్టు ఆకు మొదలుకొని అన్నం గిన్నె దాకా బూడిద రంగే. అందుకేనేమో నాకు తెల్లటి కాగితం అంటే పిచ్చి. మరక లేకుండా గీసేవాణ్ణి. నా అక్షరాలు చూసి అచ్చు వేశావా అని అడిగేవాళ్ళు. ఆ పొగరు నాకు చాలా కాలం ఉండింది.

కడపలో నాకు పని నేర్పింది ఒక పెద్ద డ్రాఫ్ట్స్‌మన్. ముక్కోపి, కానీ చేతిలో పని ఉన్న మనిషి. ఒకసారి ఒక సందులో వీధి కొళాయి బండ్లకు అడ్డంగా ఉందని నేను దాన్ని పక్క మూలకు జరిపి గీశాను. ఆయన సాయంత్రం నన్ను స్కూటరు మీద ఎక్కించుకొని పోయి ఆ మూలలో నిలబెట్టాడు. అక్కడ సారా అంగడి ఉంది. నేను కొలతకు పోయింది మధ్యాహ్నం, అప్పుడు అది మూసి ఉంది. తెరిచాక ఆ మూలకు ఆడవాళ్ళు బిందె పట్టుకొని వస్తారా?

"ఏమప్పా, చూస్తివా?" అన్నాడు ఆయన. "వీధిని మూడు పూటలా చూడాల. పొద్దున నీళ్ళకు యాడ నిలబడతారు, మధ్యాన్నం నీడ యాడ పడతాది, సందెకాడ జనం యాడ కూచుంటారు. అది చూడకుండా గీసేది గీత కాదు, గీకుడు."

ఆ మాట నాకు బాగా పట్టింది. ఆ తర్వాత ఏ ఊళ్ళో పని చేసినా మూడు పూటలా తిరిగేవాణ్ణి. మిగతావాళ్ళు ఆఫీసులో కూర్చొని పాత మ్యాపు చూసి కొత్త మ్యాపు గీసే కాలం అది. నేను కాళ్ళు అరిగేలా తిరుగుతాను కాబట్టి నాకు ఊరు తెలుసు అనుకునేవాణ్ణి. సగం తెలిసినవాడికి ఉండే ధైర్యం ఏమీ తెలియనివాడికి ఉండదు.

గుట్టమీది గేరి

ఆ ఊరు పడమటి కర్నూలులో, ఆలూరు, కోసిగి వైపు గుట్టల్లో ఉంది. పేరు రాయను. ఆ వైపువాళ్ళకు నాలుగు మాటలకే తెలిసిపోతుంది, మిగతావాళ్ళకు తెలియాల్సిన పని లేదు. గుట్ట కింద బజారు, బస్సు నిలిచే చోటు, గుడ్డల అంగళ్ళు. మధ్యలో మసీదు, రైతుల ఇళ్ళు. పైన బండల మధ్య కూలిపని చేసేవాళ్ళ గేరి. గేరి అంటే ఆ వైపు పేట అని అర్థం. గేరి మొదట్లో చిన్న చర్చి. ఊరికంతా చర్చి అదొక్కటే. మాది తాతల నాటి నుంచి చర్చికి పోయే కుటుంబం, కాబట్టి ఆదివారం ఆదివారం నేనూ మా ఆవిడా ఆ గుట్ట ఎక్కేవాళ్ళం.

ఊరికి కొత్తగా పట్టణం హోదా వచ్చింది. పట్టణం అన్నాక మాస్టర్ ప్లాన్ కావాలి. ఏ జాగా ఇళ్ళకు, ఏది అంగళ్ళకు, రోడ్డు ఎటు పోవాలి అనేది అందులో రాసుంటుంది. ఆ ప్లానుకు మొదటి మెట్టు ఉన్న ఊరిని ఉన్నట్టు మ్యాపు మీదికి ఎక్కించడం. అందుకు నన్ను వేశారు.

క్రిస్మస్ దాటి నెల తిరిగాక కొలతలు మొదలుపెట్టాను. ఎండ ముదిరితే ఆ బండల మీద ఇనుప గొలుసు చేత్తో పట్టుకోలేము. గొలుసు పట్టేది చైన్‌మన్ హుసేన్‌సాబ్. ఆ ఊళ్ళో పుట్టినవాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. ఊరంతా ఆయన్ని హుసేన్‌సాబ్ అనేది. నేను ఆఫీసర్ని కదా, హుసేన్ అనేవాణ్ణి.

గేరిలోకి పోయేసరికి వరసగా తాళాలు. ముప్పైకి పైగా ఇళ్ళు. ఊరికే తాళాలు కాదు, వాకిలికి అడ్డంగా తుమ్మకంప, కంప జారకుండా పైన రాళ్ళు. గోడల అలుకు పెచ్చులూడి ఉంది. అరుగుల మీద మేకల పెంటికలు. నేను కడప పెద్దాయన చెప్పినట్టే పొద్దున పోయాను, మధ్యాహ్నం పోయాను, సందెవేళ పోయాను. మూడు పూటలా తాళమే.

"సార్, ఇవన్నీ ఉండే ఇండ్లే" అన్నాడు హుసేన్‌సాబ్. "మిరప్పండ్లు కోసేకి పోయినారు."

"ఎక్కడికి?"

"గుంటూరు దిక్కు. పిల్లాజెల్లా అందరూ లారీ ఎక్కి పోతారు. ఉగాది ముందర వస్తారు. కావాలంటే మిద్దె ఎక్కి చూడు సార్, చౌడు కొత్తది. వదిలేసి పోయేవోడు చౌడెందుకు పోస్తాడు?"

అవి మట్టిమిద్దెలు. వాన దిగకుండా ఏటేటా పైన చౌడుమట్టి పోసి తొక్కుతారు. పాతదైతే గడ్డి మొలిచి నల్లబడుతుంది, కొత్తదైతే తెల్లగా తేలి ఉంటుంది. ఆ ఏడు వానలకు ముందు పోసిన చౌడు ఆ మిద్దెల మీద తెల్లగా ఉందట. ఎక్కితే నాకూ కనబడేది. పక్కనే బండ ఉంది, నాలుగు అడుగులు వేస్తే చాలు.

"హుసేన్, మనం నేల కొలిచేకి వచ్చినాం, మిద్దెలు ఎక్కేకి కాదు" అన్నాను. "గొలుసు బిగించి పట్టుకో."

బిగించి పట్టుకున్నాడు.

నేను ఎందుకు ఎక్కలేదో చాలాసార్లు ఆలోచించాను. చైన్‌మన్ చెబితే ఎక్కాలా అన్నది ఒకటి. ఎక్కితే పని పెరుగుతుంది అన్నది రెండోది. మా కడప వైపు ఇంటికి ఒకడు పనికి పోతాడు, ఇల్లు ఉంటుంది. గేరి గేరే తాళం వేసుకొని మూడు నెలలు పోవడం నేను ఎరగను. ఎరగనిది లేదనుకున్నాను.

కొలతల పుస్తకంలో పెన్సిల్‌తో ఆ ఇళ్ళ మీద 'తా' అని రాసుకున్నాను, తాళం అని గుర్తు. ఆఫీసుకు వచ్చి అసలు మ్యాపుకు రంగులు వేయాలి. నివాసానికి పసుపు. అంగళ్ళకు నీలం. ప్రభుత్వానివి ఎరుపు. ఖాళీ జాగాకు, పాడుబడిన ఇళ్ళకు రంగు లేదు, కాగితం రంగే. తాళం వేసిన ఇంటికి ఏ రంగు వేయాలో ఎక్కడా రాసిలేదు. పసుపు వేస్తే ఎవరుంటారు, పేరేమి, ఎంతమంది అని పట్టికలో నింపాలి. అవి నా దగ్గర లేవు. పట్టికలో ఖాళీ గళ్ళుంటే నాకు నిద్ర పట్టదు. పెన్సిల్ అక్షరాలు రబ్బరుతో చెరిపి ఆ ఇళ్ళను తెల్లగా వదిలేశాను. పక్కన 'శిథిలం' అని నా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

మ్యాపు చాలా అందంగా వచ్చింది. కమిషనర్ దాన్ని తన గదిలో గోడకు తగిలించాడు.

గీత ఎక్కడ వంగుతుంది

ఆ ఊరికి గుట్ట పైకి రోడ్డు నిజంగా కావాలి. ఇది ముందే చెప్పాలి, లేకపోతే మేమంతా పనిలేక ఇళ్ళు కూల్చినట్టు ఉంటుంది. పైనున్న నీళ్ళ ట్యాంకు దగ్గరికి ట్రాక్టరు పోదు. నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచం మీద నలుగురు మోసుకొని దిగాలి. రోడ్డు వేయాలన్న కమిషనర్ మాట న్యాయమే. ఆయన చెడ్డమనిషి కాదు, తొందరమనిషి. మా పనిలో చెడ్డవాళ్ళ వల్ల జరిగే నష్టం తక్కువ, తొందరవాళ్ళ వల్ల జరిగేది ఎక్కువ.

రోడ్డుకు రెండు దారులు గీశాను. ఒకటి బజారు వెనక నుంచి, గుడ్డల అంగళ్ళ పెరళ్ళు కొంచెం కొంచెం తీసుకుంటూ. కొలతల ప్రకారం ఏటవాలు తక్కువ, మంచి దారి అదే. ఆ కబురు బయటికి పోయిన మర్నాడే ఇరవై మంది తెల్లబట్టలవాళ్ళు వచ్చి కమిషనర్ గదిలో కూర్చున్నారు. గొడవ చేయలేదు. టీ తాగారు, తరతరాల నుంచి ఉన్నామన్నారు, పెద్దవాళ్ళ పేర్లు రెండు చెప్పారు. వాళ్ళు లేచి పోయాక కమిషనర్ గోడ మీది మ్యాపు చూశాడు.

"పైన ఇదంతా తెల్లగా ఉంది కదా" అన్నాడు. "ఇట్లా తిప్పితే పోదా?"

"పోతుంది సార్. మెలిక ఎక్కువవుతుంది" అన్నాను.

"కానీలే. ఎవరికీ నష్టం లేదు కదా."

నాకు హుసేన్‌సాబ్ మాట అప్పుడు గుర్తుకు వచ్చింది. గుర్తుకు రాలేదని ఇన్నాళ్ళు అనుకున్నాను గానీ వచ్చింది. ఎవరో పనికి పోయారంటున్నారు సార్ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే నా మ్యాపు తప్పని నేనే చెప్పినట్టు. ఆ మ్యాపు చూసి ఆయన నన్ను అందరి ముందూ మెచ్చుకొని వారం కూడా కాలేదు.

గీత తిరిగింది. తొమ్మిది ఇళ్ళ మీదుగా పోయింది. తర్వాత నేను ఎన్ని ఊళ్ళు చూసినా ఇదే తీరు. నోరున్న ఇంటి దగ్గర గీత వంగుతుంది, నోరులేని ఇంటి మీద తిన్నగా పోతుంది. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళు మ్యాపులో గీత ఎక్కడ వంగిందో చూసుకోండి. అక్కడ ఎవరున్నారో తెలుస్తుంది.

అభ్యంతరాలుంటే చెప్పమని నోటీసులు వేశాం. ఆఫీసు బోర్డుకు ఒకటి, ఆ తొమ్మిది వాకిళ్ళకు ఒక్కొక్కటి. కంప పక్కకు జరిపి తలుపుకు అంటించి, మళ్ళీ కంప అడ్డం పెట్టి వచ్చాడు మా బంట్రోతు. గడువు అయిపోయింది. ఒక్క అభ్యంతరం రాలేదు. "అడగందే అమ్మయినా పెట్టదు" అని కమిషనర్ నవ్వాడు. నేనూ నవ్వాను.

నాలుగో ఇల్లు

కూల్చేరోజు నేనూ హుసేన్‌సాబ్ అక్కడే ఉన్నాం. పొద్దున తొమ్మిదికి యంత్రం వచ్చింది. మొదటి ఇంటి మిద్దె మీద కొడితే చౌడు తెల్లగా లేచింది. రెండో దెబ్బకు గోడ విరిగింది. గోడ లోపల కట్టిన గుమ్మి పగిలి జొన్నలు బయటికి జారాయి. ఎంత జారాయంటే యంత్రం ముందర అడుగు మందాన పరుచుకున్నాయి. జొన్నల మీద మడిచిన బొంతలు, ఒక సత్తు చెంబు పడ్డాయి.

యంత్రం నడిపేవాడు తనంతట తానే ఆపాడు. హుసేన్‌సాబ్ నా వైపు చూశాడు. తిండిగింజలు పెట్టుకొని ఇల్లు వదిలి పోయేవాళ్ళు లోకంలో ఎవరూ లేరు. అది తెలియడానికి మిద్దె ఎక్కక్కరలేదు.

అక్కడికి నాకు తెలిసింది. మొదటి ఇల్లు తెలియక కూల్చాను అనుకుందాం. ఇంకా ఎనిమిది నిలబడి ఉన్నాయి.

కిందికి దిగి పోస్టాఫీసు పక్క టెలిఫోను నుంచి కమిషనర్‌కు చేశాను. ఇళ్ళల్లో సామాన్లున్నాయి సార్ అన్నాను. మనుషులున్నారు అనలేదు, సామాన్లున్నాయి అన్నాను. ఆయన తీసి భద్రంగా పెట్టించి పని కానివ్వమన్నాడు. నేను మనుషులున్నారు అని ఉంటే ఆయన ఆపి ఉండేవాడా అంటే, ఏమో. నేను అడగలేదు కాబట్టి ఆయన్ని అనే హక్కు నాకు లేదు.

పైకి ఎక్కి వచ్చి, "సామాన్లు తీసి చర్చి అరుగు మీద పెట్టండి" అని చెప్పాను. హుసేన్‌సాబ్ గొలుసు సంచి నా కాళ్ళ దగ్గర పెట్టి, "నాకు ఒంట్లో బాగలేదు సార్" అని దిగి వెళ్ళిపోయాడు. ఆ మనిషికి ఒంట్లో బాగలేకపోవడం నేను ఆ ఒక్కసారే చూశాను. సాయంత్రానికి తొమ్మిదీ అయిపోయాయి. నాలుగోది హనుమక్క వాళ్ళది. ఆ పేరు అప్పటికి నాకు తెలియదు.

అరుగు మీద విసుర్రాళ్ళు, గంపలు, బొంతలు, ట్రంకు పెట్టెలు కుప్పగా ఉండిపోయాయి. ఆ ఆదివారం నేను చర్చికి పోలేదు. పై ఆదివారమూ పోలేదు. మా ఆవిడ అడిగితే మోకాళ్ళ నొప్పులు, గుట్ట ఎక్కలేను అన్నాను. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళు ఇంట్లోనే ప్రార్థన చేసుకున్నాను. దేవుడి దగ్గరకైనా ఆ సామాన్లు దాటుకొని పోవాలి కదా.

ఉగాదికి వారం ముందర లారీలు దిగాయి. మర్నాడు ఆఫీసు తెరవగానే ఒక ఆడమనిషి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. మిరపకాయ ఘాటుకు వేళ్ళ కొసలు కందిపోయి ఉన్నాయి. చేతిలో తాళంచెవి ఉంది. ఆ వైపు తాళాన్ని బీగం అంటారు.

"సార్, బీగంచెవి ఉండాది" అంది. "ఇల్లు యాడుండాది?"

అరవలేదు. నిజంగానే అడిగింది. ఆఫీసువాళ్ళకు తెలుస్తుందేమో అన్నట్టు అడిగింది. నేను ఫైలు తీసి నోటీసు తేదీ చూపించాను. నాకు చేతకాని రోజుల్లో ఫైలు తీస్తాను.

"చదువు రాదు సార్" అంది హనుమక్క. "ఎవురన్నా ఉంటే చెప్తురు గదా. మేము యాడికి పోయినామో హుసేన్‌సాబ్‌కు తెలుసు. ఊరందరికీ తెలుసు. మీకొకరికే తెలీదా?"

ఆ తర్వాత నేను చేసింది

గుట్ట కింద కాలనీలో ఇళ్ళ స్థలాలు ఇస్తున్నారు. రోడ్డులో ఇల్లు పోయినవాళ్ళకు ముందు ఇవ్వాలని నియమం. కానీ మ్యాపులో నివాసంగా ఉన్న ఇంటికే అది వర్తిస్తుంది. వాళ్ళ రేషన్ కార్డుల్లో గేరి పేరు ఉంది, ఇంటి నంబరు లేదు. నంబరు వేయాల్సింది మేము, వేయలేదు. మ్యాపేమో శిథిలం అంటోంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఇల్లు పోగొట్టిన కాగితమే, ఇల్లు లేదని సాక్ష్యం చెప్పింది.

మ్యాపు దిద్దుతానని కమిషనర్‌ను అడిగాను. దిద్దితే రోడ్డు కోర్టుకు పోతుంది, నీకు మెమో వస్తుంది, నాకూ వస్తుంది అన్నాడు. నేను రెండోసారి అడగలేదు. ఆ తొమ్మిది కుటుంబాలకు, చూస్తాను, పైకి రాశాను అని చెప్పాను. రాయలేదు. మూడు నెలల్లో ఎర్రగుంట్ల దగ్గరికి బదిలీ తెచ్చుకున్నాను. మా నాయనకు ఒంట్లో బాగలేదని అర్జీ పెట్టుకున్నాను. ఆయన అప్పటికి బాగానే ఉన్నాడు.

తొమ్మిదింటిలో నాలుగు కుటుంబాలు మరుసటి ఏడు మిరప కోతలకు పోయి తిరిగి రాలేదని తర్వాత తెలిసింది. తాళం వేసుకొని పోయినవాళ్ళు తాళం తీసేదానికి వస్తారు. ఇల్లు లేనివాళ్ళు దేనికి వస్తారు?

తిలాపాపం తలా పిడికెడు అంటారు. కమిషనర్‌ది కొంత, బజారువాళ్ళది కొంత, నియమాలది కొంత. నిజమే. నా పిడికిలి పెద్దది.

ఉండేది ఉన్నట్టు

ఉద్యోగం దిగిపోయిన రెండేళ్ళకు ఆ ఊరి నుంచి ఫోను వచ్చింది. అక్కడి ప్లానింగ్ కార్యదర్శి, షాహీన అని కొత్తగా చేరిన అమ్మాయి. హనుమక్క అనే ఆమె ప్రతి సోమవారం అర్జీ తెస్తుందట. ఎంతమంది కమిషనర్లు మారినా ఆమె మారలేదట. పాత మ్యాపు మీద నా సంతకం చూసి ఫోను చేసింది.

"సార్, అప్పుడు కొలిచినవాళ్ళు అది నివాసమేనని రాసిస్తే ఇప్పటి కమిషనర్‌గారు స్థలం ఇస్తామంటున్నారు. కొత్త లేఅవుట్‌లో ఒకటి ఆమెకని పక్కన పెట్టి ఉంచాను" అంది.

మర్నాడే బస్సెక్కాను. కాగితం ఇంటి దగ్గరే టైపు చేయించుకొని పోయాను. ఇల్లు తాళం వేసి ఉన్నందున, అందులో మనుషులున్నట్టు తెలియక, శిథిలమని చూపాను, అందుకు చింతిస్తున్నాను అని దాని సారాంశం. చక్కగా ఉంది. నా కాగితాలు ఎప్పుడూ చక్కగానే ఉంటాయి.

హనుమక్క రోడ్డు గోడకు ఆనుకొని రేకులు వేసుకొని ఉంది. నేను గీసిన మెలిక దగ్గరే. మొగుడు పోయాడు. కూతురికి పెళ్ళయి పక్క గేరిలోనే ఉంది. ఆ రేకుల గదిలోనే ఇరవై ఏళ్ళ ఎండలు, వానలు. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమని గోనెసంచి పరిచింది. హుసేన్‌సాబ్ పోయి ఆరేళ్ళయిందని చెప్పింది. నా వెంట వచ్చిన షాహీన కాగితం చదివి వినిపించింది. హనుమక్క చివరిదాకా వింది.

"మొదటింట్లోనే జొన్నలు పడినాయంట గదా సార్. హుసేన్‌సాబ్ చెప్పినాడు."

"అవునమ్మా."

"మాది నాలుగోది."

"అవును."

"నాలుగో ఇంటికి గూడ తెలీదా నీకు?"

రోడ్డు మీద ఒక ట్రాక్టరు పైకి ఎక్కుతోంది. అది దాటిపోయేదాకా దాన్నే చూశాను.

"తెలుసమ్మా. తెలిసే చేయించినాను."

"మరి కాయితంలో తెలీక అని ఉండాదే."

షాహీన నా వైపు చూసి, తర్వాత ఆమె పక్కన కూర్చుంది. "అవ్వా, తెలియక అని ఉంటే ఈ నెల్లోనే నీకు స్థలం వస్తుంది. తెలిసి అని రాస్తే విచారణ అంటారు. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను. సార్ పెన్షనుకూ ఇబ్బంది కావచ్చు."

నేను హనుమక్క ముఖం చూస్తూ కూర్చున్నాను. దాచుకోవడం ఎందుకు, ఆమె సరే అంటే బాగుండునని ఆ నిమిషంలో కూడా అనుకున్నాను.

"ఇన్నేండ్లు ప్రతి ఆఫీసరూ ఆడ ఇల్లే లేదనె" అంది హనుమక్క. "నేను అబద్ధం చెప్తాండానని మా వీధోళ్ళు గూడ అనిరి. స్థలం వచ్చేది వస్తాది, ఆగుతా. ఉండేది ఉన్నట్టు రాయి సార్."

టైపు కాగితం వెనక తెల్లగా ఉంది. షాహీన పెన్ను ఇచ్చింది. మోకాలి మీద పెట్టుకొని రాశాను. అక్షరాలు వంకర పోయాయి. మొదటి ఇల్లు కూలినప్పుడే ఇవి మనుషులున్న ఇళ్ళని నాకు తెలుసు, తెలిసి మిగతా ఎనిమిది ఇళ్ళు నేనే నిలబడి కూల్పించాను, అందులో నాలుగోది హనుమక్కది అని రాసి సంతకం పెట్టాను.

ఆ కాగితం పైకి పోయి ఏడు నెలలైంది. విచారణాధికారి ఇంకా రాలేదు. ఆమెకు స్థలమూ రాలేదు. నాకు నోటీసు మాత్రం వచ్చింది, జవాబు ఇచ్చాను.

ఆ రోజు రాయడం అయ్యాక, షాహీన చదవబోతే హనుమక్క వద్దంది. "ఆయనే సదవనీ" అంది. చదివాను. తెలిసి అన్న మాట దగ్గర మింగేసినట్టు చదివి ముందుకు పోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఆ మాట ఇంకోసారి సదువు సార్" అంది.

చదివాను.